సింహాచలం కరెంటుతో పోలేదు

కిరణ్, నిన్న సాయంత్రం నువ్వు ఫ్యామిలీ గ్రూపులో "చిన్నతాత షాపులో కరెంట్ షాక్ కొట్టి పోయారు" అని పెట్టావు.

అది తప్పు.

మీ చిన్నతాత, అంటే నా మరిది సింహాచలం, నిన్న మధ్యాహ్నం షాదీపూర్‌లో తన ఇంట్లో సురమాయి చేప పులుసుతో అన్నం తిని, వాలుకుర్చీలో కూర్చుని, అలాగే పోయాడు. గుండె ఆగిందని డాక్టర్ రాసిచ్చారు.

షాపేమో ఫెరార్‌గంజ్‌లో ఉంది. పోయినప్పుడు ఆ కరెంటుకీ అతనికీ మధ్య గంట ప్రయాణం ఉంది.

నీ తెలుగు సంగతి నాకు తెలుసు. చదవడం కష్టమైతే మీ అమ్మ చేత చదివించుకో. చివరిదాకా చదివించుకో.

నాకు ఫోన్ చేసింది అతని కూతురు లక్ష్మి. షాపు నుంచే చేసింది. వెనకాల ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరు.

"పెద్దమ్మా, నాన్న పోనాడు."

నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "చేతికి గ్లౌజులున్నాయా?"

"గ్లౌజులేటి పెద్దమ్మా? ఇంట్లో, కుర్చీలో. అమ్మ ఇప్పుడే ఫోన్ సేసింది."

అప్పుడు ఊపిరి పీల్చుకున్నాను. ఏడుపు తర్వాత వచ్చింది. వరస అదే, దాచేదేమీ లేదు.

ఎందుకో చెప్తాను.

మన దీవుల్లో సముద్రపు గాలికి మామూలు పెయింట్ వేసిన ఇనప గ్రిల్ రెండు వానాకాలాలు ఆగదు. అందుకే సింహాచలం పౌడర్ కోటింగ్ షాపు పెట్టాడు. రంగు చిమ్మే గన్‌లోంచి పొడి రంగు కరెంటు ఎక్కించుకుని బయటికొస్తుంది. ఎర్త్ చేసిన ఇనుముకి ఎగిరి అంటుకుంటుంది. తర్వాత ఓవెన్‌లో కాలుస్తారు. గన్ మూతి దగ్గర వేల వేల వోల్టులు ఉంటాయి.

ఆ మాట విన్నరోజు నుంచి మన ఇంటిల్లిపాదీ అతని చావు కోసం ఎదురుచూశాం. ఇరవై ఏళ్ళుగా అందరి నోటా నానుతున్న వార్తనే నువ్వు నిన్న టైప్ చేశావు.

అందరికంటే ఎక్కువ భయపడింది నేను. స్కూల్లో సైన్స్ చెప్పినదాన్ని కదా. చెన్నై వెళ్ళినప్పుడు మందపాటి రబ్బరు గ్లౌజులు, మోకాళ్ళ దాకా గమ్‌బూట్లు కొని తెచ్చాను. టీచరు వదిన ఇచ్చిందని సింహాచలం నోరెత్తకుండా తొడుక్కున్నాడు.

మూడోరోజు పని మధ్యలో పక్కనున్న ఇనప చట్రం మీద చెయ్యి వేశాడు.

టప్‌మని నిప్పురవ్వ. మనిషి వెనక్కి కూలబడ్డాడు.

ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి గాల్లో పొడి పల్చగా ఉంది. అదే పొడి దట్టంగా ఉంటే ఆ రవ్వ చాలు, షెడ్డంతా అంటుకోవడానికి.

ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వంటింట్లోంచి చాకు తెచ్చుకుని, నా ఎదురుగానే కూర్చుని, గ్లౌజులకి అరచేతి భాగం గుండ్రంగా కోసేశాడు.

"రబ్బరు కరెంటుని ఆపుతుంది సింహాచలం. ఎనిమిదో క్లాసు పాఠం."

"ఆపింది వదినా. అదే తంటా. గన్ను కాడ నా ఒంటికి ఎక్కిందంతా భూమిలోకి పోకండా ఆపీసింది. నానే బేటరీనైపోనాను. ఇనుము ముట్టుకోగానే అంతా ఒక్కపాలి దిగింది. బూట్లు నువ్వే ఉంచుకో, బారిష్‌లో తడవకండా పనికొస్తాయి."

నెల రోజులు అతనితో మాట్లాడలేదు. నేనిచ్చిన వస్తువుని కోశాడని అందరికీ చెప్పాను. నిజానికి కోసింది నా పాఠాన్ని.

తర్వాత చెన్నై నుంచి గన్ సర్వీసు చేసే మనిషి వచ్చాడు. మరిదికి చివాట్లు పెట్టిద్దామని పనిగట్టుకుని షాపుకి వెళ్ళాను. ఆయన కోసిన గ్లౌజులు చూసి, ఇదే పద్ధతి అన్నాడు. గన్ పిడికి ఎర్త్ ఉంటుందట, అరచేయి నేరుగా దానికి తగలాలట, బూట్లు కూడా ఒంట్లో చేరిన చార్జిని నేలకి వదిలే రకం ఉండాలట. ఇంట్లో స్విచ్‌బోర్డు దగ్గర కాపాడే రబ్బరు ఇక్కడ ప్రాణం తీయగలదట.

"అసలు ఆ రబ్బరు బూట్లు ఎవరిచ్చారు?" అని అడిగాడు.

సింహాచలం షెడ్డు రేకుల వైపు చూశాడు. "ఎవరో సదువుకున్నోళ్ళు సార్."

నా పేరు చెప్పలేదు. అప్పుడే కాదు, ఎప్పుడూ చెప్పలేదు. ఈరోజు నేనే చెప్తున్నాను.

ఆ మూడు రోజులు ఇప్పటికీ మర్చిపోలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ, నా చదువు అతన్ని చంపిందేమో అనుకునేదాన్ని. చంపలేదు. డెబ్బై దాటాక, కడుపునిండా తిని, కుర్చీలో పోయాడు. ఇంతకంటే ఏం కావాలి?

ఇక నీ పోస్టు చేసిన పని విను. విశాఖ నుంచి ఇక్కడి తుష్నాబాద్ దాకా అందరూ దాన్నే పంచుకున్నారు. ఈ పొద్దున అతన్ని సాగనంపి వచ్చామో లేదో, ఇంట్లోనే పోయినా, ఇన్నేళ్ళుగా ఆ కరెంటే గుండెని తినేసిందని నమ్మి, లక్ష్మి తల్లి పార్వతి కూతురితో అంది: "షెడ్డుకి తాళం ఏసీ. మీ అయ్యని మింగింది సాలు, నిన్ను కూడా ఇవ్వలేను."

ఎనిమిదేళ్ళు తండ్రి పక్కన నిలబడి నేర్చుకున్న పని అది. లక్ష్మి తాళంచెవి తీసి తల్లి ఒళ్ళో పెట్టేసింది.

డాక్టర్ కాగితం పార్వతికి నేనే చదివి వినిపించాను. మూడోసారికి తలూపింది. తర్వాత గ్లౌజుల సంగతి కూడా చెప్పాను. "ఇన్నాళ్ళూ గన్నుని తిట్టుకున్నాను అక్కా, తిట్టాల్సింది నిన్ను" అంది. ఆ ఏడుపులోనే కాస్త నవ్వింది.

మధ్యాహ్నానికి తాళంచెవి లక్ష్మి చేతికి తిరిగి వచ్చింది. పెద్దకర్మ అయ్యాక షాపు తెరుస్తుంది.

సింహాచలం, ఇక నీ గురించి భయపడాల్సిన పని లేదు. నువ్వూ నిమ్మళంగా ఉండు.

కిరణ్, ముందు ఆ పోస్టు తీసెయ్. రేపు పొద్దున లక్ష్మిని అడిగి తాళంచెవి తీసుకుని ఫెరార్‌గంజ్ బస్సెక్కు. మెయిన్ స్విచ్ ఆఫ్‌లో ఉందో లేదో చూసి, గ్రిల్స్ తగిలించే కొక్కేలన్నీ దించు. వాటి మీద రంగు పేరుకుంటే ఇనుముకి ఇనుము తగలదు, ఎర్త్ అందదు, మళ్ళీ నిప్పురవ్వే. వారం వారం మీ చిన్నతాత గీకేవాడు, ఈ వారం గీకలేదు. వెళ్ళేదారిలో వైర్ బ్రష్ ఒకటి కొనుక్కో. మెరిసేదాకా గీకి, మూత ఉన్న డబ్బాలో పెట్టు, ఉప్పుగాలి తగలకుండా.