నాలుగు వరుసల ప్రార్థన

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు నిండినా చదవడం రాలేదు. ఈ మాట రాయడానికి ఇప్పటికీ నాకు చెయ్యి ఆడదు.

సైనిక్‌పురిలో ఆ బడిని ఏరికోరి వెతికింది నేనే. టైంటేబుల్ లేదు, పరీక్షల్లేవు. పిల్లలు ఏది నేర్చుకోవాలనుకుంటే అది, ఎప్పుడనుకుంటే అప్పుడు. చేర్పించిన కొత్తలో కనిపించిన వాళ్లందరికీ దాని గొప్ప చెప్పేదాన్ని. రెండేళ్లకి ఆ మాటలు నాకే చేదయ్యాయి. మా పిల్ల సైకిల్ చైను ఊడదీసి మళ్లీ వేసేది, చీమల బారు దగ్గర పూటంతా కూర్చునేది, పుస్తకం మాత్రం ముట్టేది కాదు. బడిలో టీచరక్కను అడిగితే, "తనకి కావాలనిపిస్తే తనే నేర్చుకుంటది మేడమ్. మీరు జెర ఆగండి" అనేది. ఆగడం నా ఒంట్లో లేదు. బేగంపేటలో మెట్రో దిగుతుంటే ఏ బుడ్డోడో బోర్డులు గట్టిగా చదివాడంటే, ఆ రోజు ఆఫీసులో నా పని గోవిందా.

పద్మారావు నగర్‌లో మాతో ఉండే మా అత్తగారు గుంటూరులో టీచరుగా రిటైరయ్యారు. "ఇంకా అక్షరమ్ముక్క రాలేదేంటమ్మా?" అని అప్పుడప్పుడు అడిగేవారు. నేను వినపడనట్టు గిన్నెలు సర్దేదాన్ని.

ఇంతలో మా చర్చిలో పిల్లలే ఆరాధన నడిపే పిల్లల ఆదివారం వచ్చింది. వానకు, అమ్మ చేసే వంటకు, స్నేహితులకు, బడికి దేవుడికి వందనాలు చెప్పే నాలుగు వరుసల ప్రార్థన. ప్రతి వరుస చివరా 'వందనాలు' అనే ఉంటుంది. సండే స్కూల్ టీచరు ఆ కాగితం మా అమ్మాయికిచ్చి, అందరి ముందూ చదవమంది. దానికి చదవడం రాదని నేను ఒక్క మాట చెప్తే అయిపోయేది. సిగ్గుపడి చెప్పలేదు. వారం రోజులు జడ వేస్తూ బట్టీ పట్టించాను. "కాగితం వైపు చూస్తూ చెప్పు, చదివినట్టే ఉంటుంది" అన్నాను. అది నన్ను అదోలా చూసింది.

ఆదివారం మైకు ముందు నిలబడి కాగితం విప్పింది. నేను కొంగు మెలిపెడుతూ బెంచీ అంచున కూర్చున్నాను.

"నాకింకా చదవడం రాదు. మమ్మీ చెప్తే నేర్చుకున్న. చూడకుండనే చెప్తా" అని కాగితం మడిచి, నాలుగు వరుసలూ గడగడా అప్పజెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. నేను తలెత్తలేకపోయాను.

ఇంటికొస్తుంటే ఆటోలో అడిగింది. "నాకు రాదంటే నీకెందుకు సిగ్గు మమ్మీ?"

నేను ఆటో డబ్బులకి పర్సులో చిల్లర వెతికాను. అత్తగారు రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నారు.

ఇంటికొచ్చాక కాలు నిలవక నేను వంటింట్లోకీ హాల్లోకీ తిరుగుతున్నాను. అది నేల మీద కాగితం పరుచుకుంది.

"అన్ని లైన్ల లాస్ట్‌కి ఒకటే ఉంది. గిదే వందనాలు" అంది తనలో తను. మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. "అంటే ఇది 'వం'. రెండో లైన్ల మధ్యల సుత గదే ఉంది..." పెదవులు కదుపుతూ ఆ వరుసను మొదటినుంచి చెప్పుకుంటూ వచ్చి, 'అమ్మ చేసే' దగ్గర ఆగిపోయింది.

నేనూ అత్తగారూ ఒకేసారి నోరు తెరిచాం.

"చెప్పొద్దు" అంది తలెత్తకుండానే. "ఇద్దరూ చెప్పొద్దు."

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. నేను వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. అయినా లేవలేదు. అంత కష్టపడి నేనెప్పుడూ ఊరుకోలేదు.