కొండ కూడా లాగుతుంది

మా మేనత్త ఎక్కడ కూర్చోబోయినా ముందు అరచేత్తో ఆ చోటును నిమిరేది. తిరుమలకు నడిచి వస్తానని మొక్కుకున్న ఆమె, ఆ సాయంత్రం మోకాళ్ల పర్వతం దగ్గర మెట్టు మీద కూలబడింది. బస్సెక్కితే మొక్కు చెల్లదు. పొగమంచు దిగుతోంది.

"భూమి కిందికి లాగతా ఉండాదిరా. ఆ లాగేది యాడుంటాది?" అంది.

గ్రంథాలయంలో చదివింది ఉత్సాహంగా చెప్పాను. "ఒక చోటే ఉండదత్తా. ప్రతి రాయీ, ప్రతి మట్టిరవ్వా కొంచెం కొంచెం లాగతాయి. అన్నీ కలిస్తేనే అంత బలం."

"అట్లయితే పైనుండే కొండ గూడా నన్ను లాగతా ఉండాది గదరా! కిందిదే చెప్తావేంది, లైబ్రరీ అయివారూ?"

భూమి ముందు కొండ లాగుడు ఎంత స్వల్పమో నాకు తెలుసు. ఆమె అప్పటికే లేచి, మంచులోకి ఎక్కుతోంది.