మా వీధి లోవోల్టేజీ, నా గిటారు పెట్టె

ఆ రోజుల్లో, అంటే తొంభైల మొదట్లో, విజయవాడలో వేసవి సాయంత్రం కరెంటు పూర్తిగా పోయేది కాదు, అలాగని పూర్తిగా ఉండేదీ కాదు. ట్యూబులైటు వెలుగుదామా వద్దా అని కొట్టుకుంటూ ఉండేది, ఫ్యాను రెక్కలు విడివిడిగా కనిపించేవి, ఫ్రిజ్జు మూలిగేది. వీధి వీధంతా ఆ లోవోల్టేజీని తిట్టుకునేది. దాని రాక కోసం ఎదురుచూసిన మనిషి మా వీధిలో నేనొక్కణ్ణే. ఎందుకో చెప్పాలంటే ముందు నా గిటారు పెట్టె సంగతి చెప్పాలి. (ఏదైనా మొదటి నుంచి వరసగా చెబితే తప్ప నాకు తోచదు. చిన్నప్పటి నుంచీ డైరీ రాసేవాళ్ళకి వచ్చే జబ్బు ఇది.)

చర్చి క్వయర్లో పట్టిన గిటారు, గుమాస్తా ఉద్యోగంలో చేరాక కూడా నన్ను వదల్లేదు. మంగళగిరిలో మైకుసెట్టు షాపు నడిపే మా బావగారు, అంటే మా ఆవిడ అన్నగారు, పాత వాల్వుల సెట్లు, అంటే గాజుబుడ్ల యాంప్లిఫయర్లు, తీసేస్తూ అందులో ఒకదాన్ని గిటారుకి పనికొచ్చేలా మార్చి, స్పీకరుతో సహా చెక్కపెట్టెలో బిగించి నాకిచ్చారు. వాల్వు రేడియో విన్నవాళ్ళకి ఆ వెచ్చదనం తెలుసు. గిటారుకైతే ఇంకో రుచి కూడా ఉంది. వాల్వుల మీద బాగా భారం పడితే స్వరం అంచు కాస్త చిట్లి, జీరబోయి, ఏడుపు ఆపుకుని నవ్వే మనిషి గొంతులా అవుతుంది. నేను పడి చచ్చింది ఆ జీర కోసమే. చిక్కల్లా, ఆ భారం పడాలంటే వాల్యూం బాగా పెంచాలి. తగ్గించి వాయిస్తే సగం ఉడికిన కందిపప్పులా ఉండేది. పెంచితే అది పెళ్ళిపందిళ్ళ కోసం పుట్టిన సెట్టన్న సంగతి వీధి చివరిదాకా తెలిసిపోయేది.

మేం అద్దెకున్న ఇంటికి రెండు వాటాలు. పక్క వాటాలో ఓనరు గారు ఉండేవారు. ఆయనకి ఆటోనగర్లో లారీ స్పేర్ పార్టుల షాపు. నేను పెట్టె మోగించిన మొదటి సాయంత్రమే మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

“గుమాస్తా గారూ, పొద్దస్తమానం సుత్తి దెబ్బల మధ్య కూర్చునే మనిషినండీ. ఇంటికొచ్చాక చెంచా కిందపడినా ఉలిక్కిపడతాను. ఆ పెట్టన్నా ఉండాలి, మీరన్నా ఉండాలి.”

“తగ్గించి వాయిస్తానండీ.”

“తగ్గించడమంటే గోడ దాటకూడదండీ, మరి!”

చంటిపిల్లతో మళ్ళీ ఇల్లు వెతుక్కోవడం, అదీ పెరట్లో పంపున్న వాటా దొరకడం మా వల్ల అయ్యే పని కాదు. మా ఆవిడ అక్కడికక్కడే తేల్చేసింది. “ఇంకొక్కసారి ఆయన మన గుమ్మమెక్కారంటే, ఈ పెట్టె మంగళగిరి బస్సెక్కుతుంది.”

దాంతో నా పరిశోధనలు మొదలయ్యాయి. స్పీకరుని గోడవైపు తిప్పాను. గోడ మోగింది. మీద బూరుగుదూది పరుపు కప్పాను. ఆ ఉక్కలో పరుపు లేకుండా పడుకున్నది నేను, జలుబు చేసినట్టు పాడింది పెట్టె. చివరికి బీరువాలో పెట్టి తలుపేసి, కొద్దిగా వాయించి చూశాను. లోపలి హ్యాంగర్లు తాళం వేశాయి. “పట్టుచీరలకి కచేరీ ఏంటండీ?” అంటూ మా ఆవిడ బీరువా తాళంచెవి బొడ్లో దోపుకుంది. గోడ దాటకుండా జీర రాదు, జీర లేకుండా నాకు తోచదు. ఇక బావగారికి కబురు పెడదామనుకుంటుండగా ఎండలు ముదిరాయి.

ఒక సాయంత్రం ట్యూబులైటు వెలగనని మొరాయించింది. పొద్దు పోక, వాల్యూం బాగా తగ్గించి ఊరికే తీగ మీటాను. వచ్చిందండీ జీర! పక్కగదిలోకి కూడా వెళ్ళదనిపించేంత మెత్తగా, కానీ నేను కోరుకున్న గొంతుతోనే. చాలినంత కరెంటు అందక వాల్వులు ఆయాసపడుతున్నాయి, ఆ ఆయాసమే పాటైంది. ఓనరు గారు రాలేదు. మర్నాడూ రాలేదు.

అక్కణ్ణుంచి నా ప్రవర్తనలో మంచితనం పెరిగింది. ఆఫీసు నుంచి వస్తూ దారిలో కనపడిన ప్రతివాళ్ళనీ “కూలర్ వేసుకున్నారా అండీ?” అని పలకరించేవాణ్ణి. (వీధిలో కూలర్లన్నీ తిరిగితే గాని వోల్టేజీ నాకు కావలసిన చోటికి దిగేది కాదు.) ఓనరు గారిచేత కూడా ఒక పెద్ద కూలరు కొనిపించాను. “ఎంత మంచి మనసండీ మీ ఆయనది” అని ఎదురింటావిడ మా ఆవిడతో అంటే, మా ఆవిడ నావైపు చూసిన చూపు నాకింకా గుర్తే.

ఇంతలో ఓనరు గారు పదిమందిని వెంటేసుకుని వచ్చారు. “ట్రాన్స్‌ఫార్మర్ మార్చమని కరెంటాఫీసుకి అర్జీ పెట్టాలండీ. రాసే చెయ్యి మీది. ఇవాళే కానివ్వండి.”

“తొందరేముందండీ, వానలు పడితే అదే సర్దుకుంటుంది” అన్నాను.

లోపలి నుంచి మా ఆవిడ పాపనెత్తుకుని వచ్చి, చొక్కా పైకెత్తి దాని వీపు చూపించింది. వీపంతా చెమటకాయలు. “మీ పెట్టెకి హాయిగా ఉందని పిల్ల ఉడికిపోవాలా?” అంది నాకు మాత్రమే వినపడేలా.

కూర్చుని రాశాను. మనసు పెట్టకుండా రాద్దామనే అనుకున్నాను గాని, కలం పట్టాక ఆఫీసు అలవాటు ఊరుకోలేదు. పసిపిల్లలు, ముసలివాళ్ళు, పరీక్షలకి చదివే పిల్లలు, తోడని మోటార్లు, ఒక్కొక్కటీ వరసన పడ్డాయి. చదివిన అధికారి కళ్ళు తుడుచుకున్నాడని వీధిలో చెప్పుకున్నారు. అదెంత నిజమో గాని, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం ఎవరూ ఊహించనంత త్వరగా వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. ట్యూబులైటు ఒక్కసారిగా వెలిగింది. పాప వీపు మీద ఫ్యాను గాలి రివ్వున తగిలి, అది నిద్రలోనే నిట్టూర్చింది.

నేను పెట్టె ముందు కూర్చుని, వాల్యూం పాత గుర్తు దగ్గరే ఉంచి తీగ మీటాను. రేకు మీద రాయి పడ్డట్టు వచ్చింది చప్పుడు. గుమ్మంలో నీడ పడింది. ఓనరు గారు. మా ఆవిడ పెట్టెవైపు, ఊరెళ్ళే చుట్టాన్ని చూసినట్టు చూసింది.

“ఆ రేకుల మోత ఏంటండీ? రోజూ వాయించేది వాయించండి.”

తీగ మీద చెయ్యి అలాగే ఉంచి అడిగాను. “అది గోడ దాటేదాండీ?”

“దాటకపోతే నేనెట్టా వింటానండీ? టీవీలో బొమ్మ ముడుచుకుపోయేది. చీకట్లో వసారాలో పడక్కుర్చీ వేసుకుని కూర్చుంటే సన్నగా వినపడేది. రోజంతా విన్న సుత్తి దెబ్బలు చెవుల్లోంచి దిగిపోయేవనుకోండి.”

కరెంటు సంగతి విడమరిచి చెప్పాను. ఆయన తల పంకించారు.

“అంటే అంతా కలిసి సంతకాలు పెట్టి మన పాట మనమే ఆపుకున్నామన్నమాట.”

“రాసింది నేనేనండీ.”

“బాగా రాశారు కూడానూ!”

మర్నాడు ఆటోనగర్ నుంచి రిక్షాలో ఒక ఇనప దిమ్మని దింపించారు. మోటార్లకి తీగ చుట్టే షాపులో, కరెంటుని కావలసినంతకి తగ్గించి పరీక్ష చేసుకునే డిమ్మర్‌స్టాట్ అట అది. పైన గుండ్రటి పిడి. నా పెట్టె తీగని దానికి తగిలించి, ఆయనే పీట వేసుకుని పిడి పట్టుకున్నారు.

“ఎక్కడిదాకా తిప్పనండీ?”

నేను ఆలోచిస్తుంటే వంటింట్లోంచి జవాబొచ్చింది. “పిండి రుబ్బుతుంటే మిక్సీ ఆగిపోయిందే, ఆ రోజున్నంతకి తిప్పండి బాబాయి గారూ!”

తిప్పారు. తిన్నగా అక్కడే దొరికింది. వీధంతా ధగధగా వెలుగుతుంటే మా గదిలో ఆ పెట్టె ఒక్కటే నీరసపడి, జీరగొంతుతో పాడింది. ఓనరు గారు పిడి మీద చెయ్యి తియ్యకుండా కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత మేం ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ, ఆటోనగర్ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే ఆ పిడి తిప్పే ఉద్యోగం ఆయనదే.

ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్ర గుమాస్తా మీద నాకు కోపం రాదు, ముచ్చటేస్తుంది. పరుపు కప్పాడు, బీరువాలో దాచాడు, వీధిచేత కూలర్లు వేయించాడు. పక్క వాటా తలుపు తట్టి, “కాసేపు వచ్చి కూర్చోండి, ఇదెలా ఉందో చెప్పండి” అని అడగాలని మాత్రం ఆ బుర్రకి ఒక్క సాయంత్రమూ తట్టలేదు పాపం.