బెంజో, రింగ్ మాడ్యులేటర్, తొమ్మిదో కోటు

ఆ ఆదివారం పొద్దున సిద్దిపేటలో మా దోస్తు ఇంటి మేడ మీది గదిలో ఉన్నవాళ్లు: నేను, దోస్తు, హైదరాబాద్ నుంచి మొదటి బస్సుకు వచ్చిన అక్క. ఉన్న వస్తువులు: బెంజో ఒకటి, మైక్ సెట్టు వాళ్లను అడిగి తెచ్చిన ఆంప్లిఫయర్ ఒకటి, నడుము ఎత్తు స్పీకర్ ఒకటి, సోల్డరింగ్ ఐరన్, వైర్లు, తొమ్మిది వోల్టుల బ్యాటరీలు, అల్యూమినియం సద్ది డబ్బాలో నేను కట్టిన రింగ్ మాడ్యులేటర్ ఒకటి. తలుపు పక్కన మేకుకు, ఇస్త్రీ చేసి కవరు తొడిగిన ఎర్ర కోటు ఒకటి. రావాల్సినవాడు: బ్యాండ్ మాస్టర్.

కోటు గురించి ముందు చెప్పాలి. మా దోస్తు పగలు మొబైల్ షాపులో పగిలిన స్క్రీన్లు మారుస్తాడు. పెళ్లిళ్ల సీజన్‌లో బ్యాండ్‌లో బెంజో వాయిస్తాడు. మా దగ్గర బెంజో అంటే పాత టైపు మిషన్‌కూ తీగలకూ పుట్టినట్టుండే వాయిద్యం. ఎడమ చేత్తో మీటలు నొక్కుతూ, కుడి చేతిలోని ప్లాస్టిక్ ముక్కతో తీగలను గీరాలి. బ్యాండ్ బండి మీద పట్టేది తొమ్మిది మంది. కుట్టించిన ఎర్ర కోట్లు కూడా తొమ్మిదే. ఈ మధ్య పెళ్లివాళ్లంతా కీబోర్డు ఉందా అని అడుగుతున్నారు. మాస్టర్ నంగునూరులో ఒక కీబోర్డు పిల్లగాడిని చూసిపెట్టుకున్నాడు. అతను రావాలంటే ఒకరు దిగాలి. దిగాల్సింది ఎవరో అడగక్కర్లేదు.

మాస్టర్ మంచివాడే. "ఆదివారం మీ ఇంటికొస్త. కొత్తగ ఏమన్న వినిపియ్యి. నచ్చితే ఉంటవ్. లేకుంటే కోటు ఇచ్చెయ్, మనసుల ఏం పెట్టుకోకు" అన్నాడు. దోస్తు వాళ్ల అమ్మీ శనివారమే కోటు ఉతికి, ఇస్త్రీ చేసి, మేకుకు తగిలించింది. ఇవ్వాల్సి వస్తే మురికిది ఇవ్వకూడదని ఆమె పట్టుదల.

ఆ కొత్తది ఏదో నేను తయారుచేస్తానని మాట ఇచ్చాను.

చేత్తో సింథసైజర్లు కట్టుకునే పిచ్చివాళ్లకు ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఎక్కువ మంది హైదరాబాద్ వాళ్లే. సిద్దిపేట నుంచి నేనూ దోస్తూ. ఆ గ్రూపులో సర్క్యూట్ల గురించి ఏ అనుమానం వచ్చినా చివరికి జవాబు చెప్పేది ఈ అక్కే. రింగ్ మాడ్యులేటర్ కట్టమని సలహా ఇచ్చింది కూడా ఆమే. దాని పని చెప్పడం సులువు: రెండు స్వరాల అలలను ఒకదానితో ఒకటి గుణించడం. రెండు స్వరాలు లోపలికి పంపితే, ఆ రెండూ బయటికి రావు. వాటి కూడిక ఒకటి, తీసివేత ఒకటి వస్తాయి. సెకనుకు మూడు వందల కంపనాల స్వరం, రెండు వందల కంపనాల స్వరం ఇస్తే, ఐదు వందలదీ వందదీ వస్తాయి. ఒక స్వరం బెంజోది. రెండోది డబ్బాలోనే కూర్చుని ఆగకుండా ఒకే స్థాయిలో పలికే చిన్న ఆసిలేటర్‌ది. నడుమ నాలుగు డయోడ్లు చేతులు పట్టుకున్నట్టు గుండ్రంగా ఉంటాయి. నాలుగూ ఒకేలా ఉండాలి. పాత రేడియోల నుంచి తీసిన గుప్పెడు డయోడ్లలో సరిపోయే నాలుగింటిని అక్క ఏరి బస్సు పార్సిల్‌లో పంపింది. "చేత్తో పట్టుకుని కొలవకు. వేళ్ల వేడికి లెక్క మారుతది" అని కవరు మీద రాసింది.

మొదటిసారి బ్యాటరీ పెట్టి స్విచ్ వేసిన రోజు ఏ చప్పుడూ రాలేదు. గుయ్యిమని కూడా అనలేదు. రెండు సాయంత్రాలు సోల్డరింగ్ టాంకాలన్నీ ఊడదీసి మళ్లీ వేశాను. అప్పుడూ అంతే. ఏడుపు గొంతుతో అక్కకు ఫోన్ చేశాను.

"బెంజో పెట్టినవా లోపల?"

"లేదక్కా, ముందు ఆసిలేటర్ వినపడుతుందా అని చూస్తున్న."

"అరే, ఎక్కాలు రావా నీకు? సున్నాతోని గుణిస్తే ఏమొస్తది? ఒక్కటే ఇస్తే ఏం రావద్దు. వస్తే తప్పు. నీ డబ్బా నిశ్శబ్దంగ ఉందంటే మస్తుగ ఉందని అర్థం."

కాలేజీలో చదివిన లెక్కే. పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ రోజు ఖాళీ స్పీకర్‌కు చెవి ఆనించి, ఆ నిశ్శబ్దాన్ని మళ్లీ విన్నప్పుడు నాకు గంతులేయాలనిపించింది. వేశాను కూడా. కింద నుంచి మా అమ్మ ఏమైందిరా అని అరిచింది.

మాస్టర్ పదిన్నరకు వచ్చాడు. తెల్ల చొక్కా, నెరిసిన మీసం, క్లారినెట్ ఊది ఊది గట్టిపడిన పెదవులు. కుర్చీలో కూర్చుని నా డబ్బాను చూశాడు.

"ఏందిర గిది? సద్ది తెచ్చుకున్నవా?"

"కాదు మాస్టర్, ఇదే ఆ మిషన్" అని నేను ఉత్సాహంగా స్విచ్ వేశాను. "వినండి."

అందరం విన్నాం. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు.

"కరెంట్ పోయిందా?"

"లేదు మాస్టర్, పనిచేస్తుంది. ఏం రాకపోతే సరిగ్గా పనిచేస్తున్నట్టు."

మాస్టర్ దోస్తు వైపు తిరిగాడు. "నీ దోస్తు సప్పుడు రాని మిషన్ చేసిండా? మా బ్యాండ్‌ల సప్పుడే కదరా అమ్ముకునేది."

"ఠైరో మాస్టర్, ఆగుండ్రి" అని దోస్తు బెంజో ఒళ్లోకి తీసుకుని, దాని వైరు డబ్బాకు గుచ్చాడు. బారాత్‌లో అందరూ అడిగే ఒక జానపదం మొదలుపెట్టాడు.

స్పీకర్‌లోంచి గంటలు వచ్చాయి. ఇత్తడి తాంబాళం కిందపడి దొర్లినట్టు, నీళ్లలో గంట మోగినట్టు, ఇనుప గేటు పాట నేర్చుకున్నట్టు. పాట పైకి పోతుంటే దాని కింద ఇంకో పాట మెట్లు దిగిపోతోంది. అక్క నా భుజం మీద గట్టిగా చరిచింది. "విను, విను! లీకేజీ అస్సలు లేదు! ఆసిలేటర్ సొంత గొంతు బయటికొస్తలే!" నాకు చెవుల దాకా నవ్వు. మేమిద్దరం చిన్నపిల్లల్లా ఎగురుతున్నాం.

మాస్టర్ ఎగరడం లేదు. పచ్చి చింతకాయ కొరికినట్టు ముఖం పెట్టాడు.

"బంజెయ్. బారాత్‌ల ఊరేగేది పెండ్లికొడుకా, గుడిల హారతా? సుర్ ఏది? పాట ఏది? నువ్వు నొక్కేది ఒకటి, బయటికొచ్చేది ఇంకొకటి."

నిజమే. గంట గంటలానే ఉంది, పాటే లేదు. దోస్తు వేళ్లు మీటల మీదే ఆగిపోయాయి. తల తిప్పలేదు కానీ, తలుపు పక్కనున్న కోటు వైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నాడో తెలుస్తోంది. మాస్టర్ లేచి నిలబడ్డాడు.

ఆయనకూ మెట్లకూ మధ్య ట్రేతో అమ్మీ అడ్డం వచ్చింది. "కైకు లేచిన్రు మాస్టర్ సాబ్? బైఠో. చాయ్ తాగకుండ మా ఇంట్లకెల్లి ఎవ్వరు పోలే."

"కాదమ్మా, పనుంది..."

"పని చాయ్ తర్వాత."

మాస్టర్ కూర్చున్నాడు. చాయ్ పొగలు కక్కుతోంది. మాకున్న సమయం ఆ చాయ్ చల్లారేంత.

దోస్తు నా చెవిలో, "భాయ్, నీ డబ్బా ఏ సుర్‌ల పెట్టినవ్?"

"నాలుగు వందల నలభై. పాయింట్ కూడా అటూ ఇటూ లేదు. మీటర్ పెట్టి చూసిన."

"నా సా అది కాదు కదరా."

"ప్రపంచమంతా దానికే కలుపుకుంటుంది."

"ప్రపంచం బారాత్‌కొస్తదా? నా బెంజో మాస్టర్ క్లారినెట్‌కు కలిపి ఉంటది. నీ డబ్బాను గూడ అక్కడికి తే."

అక్క విన్నది. ఆమె కళ్లు వెలిగాయి. "అవును! శృతి! ఆసిలేటర్‌ను వీని షడ్జంల పెడితే, కూడినా తీసేసినా సగం స్వరాలు సుర్‌లనే పడతయ్ కదా! నాబ్ ఏది?"

నాబ్ లేదు. బండి కుదుపులకు స్థాయి జారకూడదని, నేను నాబ్ పెట్టకుండా లోపల చిన్న స్క్రూ పెట్టాను. నాలుగు వందల నలభైకి తిప్పి, దాని మీద మా చెల్లె నెయిల్ పాలిష్ రెండు పూతలు వేసి, ఇక ఎవరూ కదపలేకుండా బిగించాను. ఆ పనికి నేను చాలా సంబరపడ్డాను కూడా.

అక్క మూత తీసి చూసింది. "తాళమేసినవా? మాడ్యులేటర్‌కు?"

నేను స్క్రూడ్రైవర్ అందుకోబోతే చెయ్యి మీద కొట్టింది. మా గ్రూపు కలిసినప్పుడల్లా పాటించే పద్ధతి ఒకటుంది: ఎవరి డబ్బా వాళ్లు తిప్పకూడదు. కట్టినవాడు తనకు తెలిసిన చోటే తిప్పుతాడని, వేరేవాళ్ల చేతిలోనే అది కొత్తగా పలుకుతుందని. "పక్కకు జరుగు" అంది.

దోస్తు తీగలు గీరే ప్లాస్టిక్ ముక్కతోనే నెయిల్ పాలిష్ గీకేశాడు. ఎర్రటి పొరలు నేల మీద రాలాయి. మాస్టర్ కప్పులో చాయ్ సగానికి వచ్చింది.

"సా కొడుతనే ఉండు, ఆపకు" అని అక్క స్క్రూ తిప్పడం మొదలుపెట్టింది.

మొదట గంట. తర్వాత ఆ గంట కింద ఒక గురక, గుర్‌ర్‌ర్ అని. స్క్రూ కదిలేకొద్దీ గురక నెమ్మదించింది. గుర్, గుర్, గుర్... డుగ్... డుగ్... ఇంకాస్త. డుగ్... చాలాసేపటికి ఇంకో డుగ్. ఆ తర్వాత ఏమీ లేదు. పైన ఒక్క శుభ్రమైన సా నిలబడింది.

"బస్!" అని దోస్తు అరిచాడు. రెండు తీగలు కలిపేటప్పుడు వాడు రోజూ వినేది అదే. తీసివేత సున్నా అయింది.

"ఇప్పుడు పా" అన్నాను నేను.

వాడు పా కొట్టాడు.

నేల కింద నుంచి లారీ స్టార్ట్ అయినట్టు ఒక సా లేచింది. బెంజోలో ఎప్పుడూ లేనంత కిందిది. సాసర్లు టకటకలాడాయి. సా రెండు వందలు అనుకుంటే పా మూడు వందలు, తీసేస్తే వంద. అంటే కింది సా. లెక్క నా బుర్రలో పూర్తయ్యేలోపే ఆ సా నా వెన్నులోకి పాకింది. దోస్తు పాటలోకి దూకాడు. ఇప్పుడు పాట ఉంది, పాట కింద ఆ భూమి ఉంది, పాట చుట్టూ గంటలున్నాయి. అక్క రెండు చేతులతో నోరు మూసుకుంది. అమ్మీ ట్రే పట్టుకుని నిలబడి, "యా అల్లా, గది మన బెంజోనేనా?" అంది.

మాస్టర్ కప్పు కింద పెట్టాడు.

"మల్ల కొట్టు."

మళ్లీ కొట్టాడు.

"ని కొట్టు."

దోస్తు తటపటాయించి కొట్టాడు. డబ్బా కీచుమంది.

"గిదేందిర, పిల్లి తోక తొక్కినట్టు?"

"ని దగ్గర అది ఒప్పుకోదు మాస్టర్," అన్నాడు దోస్తు. "అందుకే ని లేని పాటలకే పెడత. మిగిలినయి సాదాగ కొడత. కాలితో నొక్కితే బంద్ అయితది."

మాస్టర్ ఇంకా నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "నా క్లారినెట్ ఊదంగ ఊదంగ వేడెక్కి సుర్ ఎక్కుతది. ఊరేగింపు సగానికొచ్చేసరికి సా మొదట్ల ఉన్న కాడ ఉండదు. నీ డబ్బా గూడ ఎక్కుతదా?"

నేను అప్పటికే కొత్త సా మీద మళ్లీ ఎన్ని పూతలు వేయాలా అని ఆలోచిస్తున్నాను. ఆ ఆలోచన వదిలేసి, దోస్తు వాళ్ల ఇంట్లో మూలన పడిన రేడియో నుంచి పెద్ద నాబ్ ఊడదీశాను. అక్క స్క్రూ తీసేసి దాని జాగాలో నాబ్ బిగించింది. సద్ది డబ్బా పక్కకు రంధ్రం వేసేటప్పుడు మాస్టరే డబ్బాను కదలకుండా పట్టుకున్నాడు.

"ఇప్పుడు చూడు" అని ఆయన క్లారినెట్ లేకుండానే గొంతుతో సా అందుకుని, కొంచెం కొంచెం పైకి జరిపాడు. దోస్తు తీగ సాగదీసి ఆయన వెంట పోయాడు. డుగ్ డుగ్ మొదలవగానే కాలి వేళ్లతో నాబ్‌ను తోశాడు. డుగ్... డుగ్... ఆగింది. మాస్టర్ ఇంకాస్త పైకి పోయాడు. దోస్తు మళ్లీ పట్టుకున్నాడు. నాలుగోసారి మాస్టర్ కావాలనే కిందికి జారాడు, వీడు అక్కడా పట్టుకున్నాడు. అప్పుడు నవ్వాడు మాస్టర్, మీసాలు రెండు వైపులా లేచేలా.

ఆయన చెప్పులు వేసుకుంటూ తలుపు దగ్గర ఆగాడు.

"గీ కోటు గీడెందుకు యాలాడుతుంది?"

"మీరే కదా మాస్టర్, ఇచ్చెయ్యమన్నరు..."

"బుధవారం అక్కన్నపేటల లగ్గం. మూడింటికి బండి. ముడతలు పడకుండ ఏస్కరా."

"మరి నంగునూరు పిల్లగాడు?" అని అక్క అడిగింది.

"వానికేం బిడ్డా, నాలుగు బ్యాండ్లు పిలుస్తున్నయ్. వీన్ని ఎవడు పిలుస్తడు?"

దోస్తు పడీపడీ నవ్వాడు. కవరులోంచి కోటు తీసి, ఉక్కపోతలో, అక్కడే తొడుక్కున్నాడు. అమ్మీ "నక్కో రే, చెమట పడతది, మల్ల నేనే ఉతకాలె" అని అరుస్తున్నా విప్పలేదు. సాయంత్రం అక్కను బస్సెక్కించడానికి కూడా అదే కోటులో వచ్చాడు. బస్టాండ్‌లో ఎవరో బారాత్ ఎక్కడ అని అడిగారు. "బుధవారం" అన్నాడు.

బుధవారం నేను సెలవు పెట్టి బైక్ మీద బ్యాండ్ బండి వెనకే పోయాను. అక్కన్నపేట పొలిమేర దగ్గర పత్తి చేన్ల పక్కన పెండ్లికొడుకు కారు కలిసింది. ఎండ వాలుతోంది. మాస్టర్ క్లారినెట్ ఎత్తాడు, దోస్తు కాలి వేళ్లు నాబ్ మీదికి పోయాయి, మొదటి పా పడింది. కారు ముందు ఎగురుతున్నవాళ్లు ఒక్కసారి ఆగి, స్పీకర్ వైపు చూసి, రెట్టింపు ఎగరడం మొదలుపెట్టారు.

నేను బైక్ పక్కకు ఆపి బండి మీది ఎర్ర కోట్లు లెక్కపెట్టాను. తొమ్మిది.