తిట్ల కమిటీ

దయానందం సారు నోరు తెరిస్తే తిట్టే. ప్రొద్దుటూరులో ఆయన చేత తిట్లు తిననివాళ్లు ఎవరైనా ఉంటే వాళ్లు ఆ పూట ఊళ్లో లేరని అర్థం. పాలు పలచగా పోస్తే పాలమనిషిని తిట్టేవాడు. మరుసటి రోజు చిక్కగా పోస్తే, మరి నిన్న ఏం రోగమని తిట్టేవాడు. ఆలస్యంగా వచ్చిన బస్సును, డ్రైవరు దిగి వెళ్లిపోయాక కూడా నిలబడి తిట్టేవాడు. ఒకసారి చర్చిలో ప్రార్థన చేయమంటే, కళ్లు మూసుకుని వానల సంగతి ఎత్తుకుని దేవుణ్ణే నిలదీశాడు. చివర్లో ఆయన "ఆమెన్" అంటే ముందు వరసలో పసిపిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. పాస్టరు మళ్లీ ఆయనను ప్రార్థన చేయమనలేదు.

మిషన్ స్కూల్లో పంతులుగా రిటైరయ్యాక ఆయన మానవ హక్కుల కమిటీ పెట్టాడు. కమిటీ అంటే బాషా టైలరు కొట్టు పైన ఒక గది, రెండు కుర్చీలు, దయానందం సారు. పోలీసులు ఎత్తుకుపోయినవాళ్ల పెళ్లాలు, ఫ్యాక్షన్‌లో ఇళ్లు కాలినవాళ్లు జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ ఏడ్చుకుంటూ వచ్చి మెట్లెక్కేవాళ్లు. అంతకన్నా ఎక్కువగా ఏడ్చుకుంటూ దిగేవాళ్లు. ఊరు దానికి తిట్ల కమిటీ అని పేరు పెట్టింది.

కింద కొట్టులో మిషన్ తొక్కే బాషా కూతురు ఖదీజాకు ఆయనను చూస్తే ఒళ్లు మండేది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉండగా ఎలక్షన్లలో స్కూలు దారిలో బాంబులు పడ్డాయి. చదువు అక్కడితో ఆగింది. బాంబులు వేసిన రెండు పార్టీలవాళ్లూ తర్వాత వాళ్ల నాన్న దగ్గరే తెల్లచొక్కాలు కుట్టించుకున్నారు. గుండీలు కుట్టింది ఖదీజానే. ఎవరి ముందూ నోరెత్తని పిల్ల కాబట్టి కోపమంతా సూదిలోకి పోయేది. ఆమె కుట్టిన గుండీ ఊడిందని ఇంతవరకు ఎవరూ తిరిగి రాలేదు.

ఎదురుగా టీ కొట్టులో పుల్లన్న కూర్చునేవాడు. ఆ మెట్లు ఎవరు ఎక్కారో చూసి వాళ్ల ఊరి పెద్దమనిషికి చేరవేయడమే అతని పని. ఆ సంగతి అందరికీ తెలుసు, అతనికి టీ పోసేవాడితో సహా.

ఒక మధ్యాహ్నం పెంచలమ్మ వచ్చింది. గొర్రెలు కాచుకునే కుటుంబం. ఎలక్షన్ రోజు వాళ్ల ఊరి పెద్దమనిషి బాంబుల సంచి పట్టుకుని జీపులో కూర్చోమంటే, ఆమె మొగుడు ఆదెన్న గొర్రెలను వదిలి రానన్నాడు. పెద్దమనిషి ఒక్క మాట చెప్పాడు, పోలీసులు ఆదెన్నను ఎత్తుకుపోయారు. కేసు లేదు, కోర్టు లేదు, మనిషి ఉన్నాడో లేడో తెలియదు.

ఆమె పైకి వెళ్లి ఎంతోసేపు కాలేదు, కేక వినిపించింది.

"నీ మొగుణ్ణి పట్టుకపోతే నేనేం జేయల్ల మే? నేనేమన్నా కలెక్టర్నా? దిగు. దిగు ముందు."

పెంచలమ్మ కొంగు నోట్లో కుక్కుకుని దిగింది. సారు అంతటితో వదల్లేదు. బస్టాండు దాకా వెంటపడి తిట్టాడు.

టీ కొట్టులోంచి పుల్లన్న నవ్వుతూ లేచి వెనకాలే నడిచాడు. "ఏం సారూ, ఆయమ్మకు హక్కుల్లేవా?"

"నీకు మాత్రం యాడుండాయిరా? నీ కూతురు పెండ్లికి పోవల్లన్నా మీ పెద్దమనిషిని అడిగే పోతివి."

ఖదీజాకు ఆ రోజు సూది చాలలేదు. జమ్మలమడుగులో ఇవ్వాల్సిన జాకెట్లు ఎలాగూ ఉన్నాయి. సంచి తీసుకుని, బతుకులో మొదటిసారి నోరెత్తి సారును ఒక మాట అడగాలనుకుని బస్సెక్కింది.

పెంచలమ్మ వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. సారు కూడా బస్సెక్కి ఆమె ముక్కు మీదికి వేలు ఆడిస్తున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి. కిటికీ కింద నిలబడి పుల్లన్న తృప్తిగా చూస్తున్నాడు. డ్రైవరు ఇంజను స్టార్టు చేయగానే బస్సంతా గడగడలాడింది. వాళ్లకు సరిగ్గా ముందు సీట్లో కూర్చున్న ఖదీజాకు మాత్రమే మాటలు వినిపించాయి.

"స్టేషన్‌లోనే ఉండాడా?"

"లేడు సారూ. ఎనకాల పాత క్వార్టర్లలో పెట్టినారు. అన్నం తీసుకపోతే తరిమినారు."

"కొడతాండారా?"

"అరుపులు ఇనపడ్నాయి సారూ."

"నువ్వేమన్నా తిన్నావా?"

ఆమె తల అడ్డంగా ఊపింది. సారు జేబులోంచి బన్ను తీసి, విసిరికొట్టినట్టు ఆమె ఒళ్లో పడేశాడు. వేలు మాత్రం ఆగలేదు.

"కోర్టుకు రాసేదంతా నా పేరుతోనే. నీ పేరు యాడా రాదు. నేను నిన్ను ఎల్లగొట్టినానని ఊరంతా చెప్పు. ఇప్పుడు ఆ కిటికీ పక్క తిరిగి ఏడువు. పుల్లన్న సూడల్ల."

పెంచలమ్మ ఏడ్చింది. దానికి ఎవరూ నేర్పాల్సిన అవసరం లేదు.

దిగబోతూ సారు ఖదీజాను చూశాడు. "విన్నావా?"

"విన్నా సార్. మరి ఇదంతా గదిలోనే మెల్లగా అడగొచ్చు గదా?"

"ముందొకసారి మెల్లగా అడిగితే పెద్దసుబ్బమ్మని ఒకామె నవ్వుకుంటా మెట్లు దిగింది. సాయంత్రానికి ఆమె గడ్డివామి కాల్చినారు. ఏడ్చుకుంటా దిగినోళ్ల జోలికి ఎవురూ పోరు పాపా."

"అయితే ఆ కోపం ఉత్తుత్తిదా?"

"ఉత్తుత్తిది ఎందుకైతాది? తిట్టాల్సినోళ్లు జీపుల్లో పోతాండారు, నిలబడరు. నిలబడినోళ్లు వీళ్లే."

వారం తిరక్కముందే, సారు రాసిన అర్జీ మీద కోర్టు పంపిన వకీలు వచ్చాడు. ఇక్కడ ఎవరూ లేరని స్టేషన్‌లో చెబుతుండగానే వెనకవైపు నడిచి పాత క్వార్టర్ల తలుపు తెరిపించాడు. ఆదెన్న కుంటుకుంటూ బయటికి వచ్చాడు.

పెద్దమనిషి మనుషులు సారుకు సంగతి చెప్పిందెవరని ఊరంతా వెతికారు. పెంచలమ్మ పేరు రాగానే పుల్లన్న కొట్టిపారేశాడు. "ఆయమ్మా? సారు ఆమెను బస్సెక్కి మరీ తిట్టినాడు. నా కండ్లతో సూసినా. బన్నుతో కొట్నాడప్పా." పెంచలమ్మకు అంత గట్టి సాక్షి కోర్టులో కూడా దొరికేవాడు కాదు.

తర్వాత సంతరోజు పెంచలమ్మ వచ్చి మెట్ల కింద నిలబడింది. సారు కిటికీలోంచి తొంగి చూశాడు. ఆమె ముఖమంతా నవ్వు, కళ్లల్లో నీళ్లు. రెండు చేతులూ దండం పెట్టడానికి లేస్తున్నాయి. టీ కొట్టులో పుల్లన్న గ్లాసు కింద పెట్టి ఇటు తిరిగాడు. ఎప్పుడూ తడుముకోని సారుకు ఆ క్షణాన ఒక్క తిట్టు తట్టలేదు.

ఖదీజా మిషన్ మీద నుంచి లేచింది.

"ఏం మే, మళ్లీ వచ్చినావా? సారు తిట్టింది సాల్లేదా? నీ మొగుడు ఇంటికొస్తే మాకేంది, రాకపోతే మాకేంది? పో ఈడనుంచి. పో."

వీధి వీధంతా ఆగి చూసింది. కత్తెర పట్టుకున్న బాషా చేయి గుడ్డ మీదే నిలిచిపోయింది. పెంచలమ్మ ఒక్క క్షణం బిత్తరపోయి, అర్థమై, లేచిన చేతులతోనే మెటికలు విరిచింది. "మీ కమిటీ మీద మన్నుబడ. మీ సాయం ఎవురికి కావల్ల?" అని నడుం తిప్పుకుంటూ పోయింది. పుల్లన్న మళ్లీ గ్లాసు అందుకున్నాడు.

సారు దిగివచ్చి ఖదీజా ముందు నిలబడ్డాడు. ముఖం చిటపటలాడుతోంది.

"అదేం తిట్టు పాపా? గొంతులోనుంచి వస్తాంది. కడుపులోనుంచి రావల్ల."

ఖదీజా తల వంచుకుని సూదిలోకి దారం ఎక్కించింది.

"కడుపులో శానా ఉంది సార్. మెల్లగా తీస్తా."