ఉగ్గుపాల శంఖం

మొన్న మనవరాలి పుట్టినరోజుకు ఎవరో ఒక అట్టపెట్టె ఇచ్చారు. లోపల ఒక సుద్దముద్ద, చిన్న సుత్తి, కుంచె. ముద్దను గీకుతూ పోతే ఏదో ప్రాచీన ప్రాణి శిలాజం బయటపడుతుందట. పిల్ల వరండాలో కూర్చుని గీకుతుంటే, ఆ సుద్ద వాసన తగిలేసరికి నేను అక్కడ ఉండలేక లేచి లోపలికి వెళ్లిపోయాను.

డెబ్బైల మొదట్లో, భూగర్భశాస్త్రంలో డిగ్రీ చేతబట్టుకుని, రేపల్లెలో ఒక బడికి సైన్సు మాస్టారుగా చేరాను. కాపురం తెనాలిలో, రాకపోకలు రైల్లో. ఆ వయసులో నాకు ప్రతిదీ వరుసలో ఉండాలి: ముందు పరికరాలు, తరువాత పద్ధతి, ఆపైన పరిశీలన, చివర నిర్ధారణ. శిలాజాల పాఠం దగ్గరే చిక్కొచ్చింది. మనవైపు ఎంత తవ్వినా ఒండ్రుమట్టే. రాయి చూపించాలంటే రైలుపట్టాల కింది కంకర తప్ప గతిలేదు. అందుకని శిలాజాలను పిల్లల చేతే చేయించాలనుకున్నాను. తెనాలిలో బొమ్మలు పోసేవారి దగ్గర ప్లాస్టర్ కొని, ఒక ఆదివారం బాపట్ల వెళ్లి సముద్రపొడ్డున గుల్లలు ఏరుకొచ్చి, అవి చాలవనిపించి, తలా ఒక గుల్ల తెమ్మని, తేనివాళ్లు బయట నిలబడాల్సిందేనని పిల్లలకు చెప్పాను.

మరునాడు బంకమట్టిలో గుల్లలు అద్ది, ఆ అచ్చుల్లో ప్లాస్టర్ పోస్తుంటే తరగతంతా సందడి. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి మాత్రం పిడికెడంత శంఖం తెచ్చింది. దాని కొస నున్నగా అరిగి మెరుస్తోంది. అలల రాపిడికి ఏళ్ల తరబడి ఇలా అరుగుతుందని అందరికీ ఎత్తి చూపించి, అంత మంచి నమూనా తెచ్చినందుకు ఆ అమ్మాయికి చప్పట్లు కొట్టించాను. తరువాత, గుల్ల నశించినా లోపలి ఆకారం రాయిగా ఎలా మిగులుతుందో చూపించాలనే ఉత్సాహంలో, దీన్ని వాడుకోనా అని అడిగాను.

“అలాగేనండి” అంది, నేలచూపులు చూస్తూ. అందరిచేతా చప్పట్లు కొట్టించుకున్న పిల్ల, మాస్టారు అడిగితే, ఇంకేమంటుంది? ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

శంఖం నిండా ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక గాజుపాత్రలో ఆమ్లంలో ముంచాను. బుసబుసమని నురగ పొంగుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. రెండుసార్లు ఆమ్లం మార్చాక, సాయంత్రానికి శంఖం పోయి, మెలికలు తిరిగిన తెల్లటి ముద్ద మిగిలింది. అనుకున్నది అనుకున్నట్టు వచ్చిందన్న సంతోషంతో రైలెక్కాను.

మర్నాడు ఉదయమే వాళ్లమ్మ వచ్చింది. చంకలో నెలల బిడ్డ, పక్కన ఆ అమ్మాయి. గుమ్మం అవతలే నిలబడి, ఎంతో మెల్లగా అడిగింది.

“గుల్ల తెమ్మన్నారని మా పిల్ల శంఖం పట్టుకొచ్చేసిందండి. మీ పని అయిపోతే ఇప్పిస్తారా మాస్టారూ? చంటాడికి ఉగ్గు దాంతోనే పడతామండి. మా అమ్మమ్మ నాటిదండి.”

ఆ కొసను అరగదీసింది అలలు కావు. వాళ్లింట మూడు తరాల పసినోళ్లు. నేను బల్ల మీది ముద్దను తీసి ఆమె చేతిలో పెట్టాను. జరిగింది రెండు ముక్కల్లో చెప్పాను. మూడో ముక్క, తప్పు నాదన్నది, గొంతు దాటలేదు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత కూతురి వీపు మీద ఒక్కటిచ్చింది.

“చెప్పకుండా తేవడం దీనిదే తప్పండి. మీరేమీ అనుకోకండి మాస్టారూ.”

ఆ అమ్మాయి ఏడవలేదు. నావైపు చూసింది, అంతే. తరగతి మొత్తం చూస్తుండగా నేను సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగాను.

ఇప్పటి తల్లిదండ్రులు బడికొచ్చి పంతుళ్లను నిలదీస్తున్నారని, మన రోజుల్లో ఉన్న గౌరవం ఇప్పుడేదని నా ఈడువాళ్లు వాపోతుంటారు. ఆ మాటలకు మీలో చాలామంది తలూపుతారని తెలుసు. నేను ఊపలేను. ఆ రోజు ఆ తల్లి గొంతు పెంచి నన్ను ఒక్క మాట అడిగి ఉంటే, పిల్ల తప్పేమీ లేదని చెప్పడానికి నాకూ నోరు వచ్చేదేమో. మాస్టారినన్న మర్యాదకు ఆమె అడగలేదు. ఆ మర్యాద చాటున నేనూ చెప్పలేదు.