కేకు మీద రాయించిన పేరు

మొన్న ఆదివారం మా మనవరాలు నన్ను నిలదీసింది. నేను ఫోనులో మా చెల్లెలితో మాట్లాడుతూ, మా అరవావిడా నేనూ రోజూ మాల్‌లో నడుస్తున్నాం, మోకాళ్ళు కాస్త నయం అన్నానట. పక్కనే సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చున్న ఆ పిల్ల, నేను ఫోను పెట్టేదాకా ఓపిక పట్టి, తన అమెరికా యాసలో మెల్లగా అడిగింది: "అమ్మమ్మా, నువ్వు అలా పిలుస్తావ్ అని ఆ ఆంటీకి తెల్సా? ఈజ్ ఇట్ ఎ బ్యాడ్ వర్డ్?" మూడో క్లాసు పిల్ల అడిగిన మాట అది. తమిళం మాట్లాడేవాళ్ళను అరవవాళ్ళనడం మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే. అందులో వెక్కిరింత ఎంతో, చనువు ఎంతో మాలో ఎవరూ ఆలోచించిన పాపాన పోలేదు.

మరునాడు మాల్‌లో రెండు చుట్లు తిరిగాక, ఉండబట్టలేక ఆవిడతోనే చెప్పేశాను. ఆరేళ్ళుగా మా ఇంట్లో మీ పేరు అరవావిడే సుమండీ, ఏమీ అనుకోవద్దన్నాను. ఆవిడ ఆగి, కళ్ళజోడు సర్దుకుని, తమ ఇంట్లో నా పేరు 'గొల్టీ మామి' అని చెప్పి బెంచీ మీద కూలబడి నవ్వింది. తెలుగువాళ్ళను వాళ్ళ వైపు వేళాకోళంగా అనే మాట అది. చెల్లుకు చెల్లు అనుకుని నేనూ పక్కన కూలబడ్డాను. నవ్వి నవ్వి ఇంటికొచ్చి కుక్కరు పెడుతూంటే, ఇలాంటి మాట వల్లనే నవ్వు మాట దేవుడెరుగు, ఏడుపు కూడా రాక నిలబడిపోయిన ఒక రోజు గుర్తుకొచ్చింది.

ముప్ఫై ఏళ్ళ పైమాట. మేము అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చిన కొత్త. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను రెండేళ్ళపాటు అపార్ట్‌మెంటు కిటికీ దగ్గర కూర్చుని పడే మంచునూ కరిగే మంచునూ చూసినదాన్ని. కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి ఏం లాభం, సాంబారులో ఉప్పు సరిచూడటానికి తప్ప పనికి రాలేదని నన్ను నేనే దెప్పుకునేదాన్ని. మన తరం ఆడవాళ్ళలో చాలామందికి ఆ కిటికీ సంగతి చెప్పనక్కరలేదు. అలాంటి రోజుల్లో, కార్ల విడిభాగాలకు రంగులు వేసే ఒక చిన్న కంపెనీ ల్యాబ్‌లో ఉద్యోగానికి పిలుపు వచ్చింది. ఇంటర్వ్యూ చేసింది ల్యాబ్ పెద్దాయన. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తెల్లకోటు జేబులో ఎప్పుడూ ఒక భూతద్దం. నా చదువు గురించి ఒక్క ముక్క అడగలేదు. రెండు ఎర్రరంగు రేకులు చేతిలో పెట్టి, ఏది కాస్త పసుపు వైపు మొగ్గిందో చెప్పమన్నారు. చీరకు తగిన జాకెట్టు గుడ్డ కోసం బెజవాడలో కొట్టు కొట్టూ తిరిగిన కళ్ళు నావి, తడుముకోకుండా చెప్పాను. ఆ పూటే ఉద్యోగం ఖాయమైంది, ఆ కంపెనీ పేరు మీదే నా వీసా కూడా వచ్చింది.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చిన్న విద్య కాదు. రంగు వేసిన రేకులను ఉప్పునీటి ఆవిరిలో వారాల తరబడి ఉంచి తుప్పు ఎక్కడ మొదలైందో చూడటం, ఒకే రంగును కిటికీ వెలుగులో ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూస్తే గాని నమ్మకపోవడం, ఇవన్నీ కన్నకూతురికి చెప్పినట్టు చెప్పారు. చిక్కల్లా పిలుపు దగ్గరే వచ్చింది. అందరిలాగే పేరు పెట్టి పిలవమన్నారు. కట్టుకున్న మొగుడినే ఏవండీ అనే నేను, తండ్రి వయసు మనిషిని పేరు పెట్టి ఎలా పిలుస్తాను? నోరు రాలేదు. ఆరు నెలలపాటు ఆయనతో ఏ పని ఉన్నా ఎదురుగా వెళ్ళి నిలబడి చిన్నగా దగ్గేదాన్ని. నాకు ఎప్పుడూ జలుబేనని పాపం ఆయన అనుకున్నారట.

మధ్యాహ్నం భోజనాల గదిలో ఆయనా, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళూ ఒకే బల్ల దగ్గర కూర్చునేవారు. ఒకాయన పూర్వులు ఇటలీ వాళ్ళు, మరొకాయనవి ఐర్లండు మూలాలు, మా పెద్దాయన తల్లిదండ్రులు పోలండు నుంచి వచ్చినవారు. ముప్ఫై ఏళ్ళ స్నేహం. వాళ్ళు ఒకరినొకరు పేర్లతో పిలుచుకోగా నేను వినలేదు. ఇటలీ ఆయన 'డేగో', ఐర్లండు ఆయన 'మిక్', మా పెద్దాయన 'పోలాక్'. ఆ మాటలతోనే పోట్లాడుకునేవారు, ఆ మాటలతోనే ఒకరి డబ్బాలో తిండి ఇంకొకరు లాక్కునేవారు. అది విన్ననాడు నా ప్రాణం లేచివచ్చింది. మన ఇళ్ళలోనూ అంతే కదా! ఏలూరు పెద్దమ్మ, బందరు బాబాయి, రంగూన్ తాతయ్య. ఎప్పుడో రంగూన్ వెళ్ళి రంపపు మిల్లులో పనిచేసి వచ్చిన మా తాతయ్య అసలు పేరు నేను మొదటిసారి చదివింది ఆయన పెద్దకర్మ కార్డు మీద. అంత పెద్ద పేరు ఆ మనిషికి ఉందా అని పిల్లలమంతా ఆశ్చర్యపోయాం. సరే, వీళ్ళలోనూ దేశం పేరుతో పిలుచుకునే ఆచారం ఉందన్నమాట అనుకుని ఊరటపడ్డాను. దానికి సర్ అని ఒక మర్యాద తగిలిస్తే సరిపోతుందని నా తెలివితేటలు నాకు చెప్పాయి.

ఆ పిలుపు ఇంకా నోటితో అననే లేదు, కొద్ది రోజుల్లోనే ఆయన అరవయ్యో పుట్టినరోజు వచ్చింది. ల్యాబ్‌లో అందరికంటే చిన్నదాన్ని నేనే కాబట్టి కేకు తెచ్చే పని నాకు అప్పగించారు. బేకరీలో కౌంటరు దగ్గర అమ్మాయి నేను రాసిచ్చిన కాగితం రెండుసార్లు చదివి, ఖచ్చితంగా ఇదేనా అని అడిగింది. ఇదేనమ్మా, ముందు 'గౌరవనీయులైన' అనే మాట కూడా చేర్చు అన్నాను. నీలం రంగు క్రీముతో ఎంత అందంగా రాసిందో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది.

శుక్రవారం మధ్యాహ్నం అందరూ చేరారు. ఆయన భార్య కూడా వచ్చారు. ఎత్తయిన మనిషి, జుట్టు ముడి వేసుకుని, ఆకుపచ్చ కోటు వేసుకుని ఉన్నారు. పెట్టె మూత నేనే తీశాను. 'గౌరవనీయులైన పోలాక్ సర్‌కు జన్మదిన శుభాకాంక్షలు.' ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. ఆవిడ మెడ మీంచి చెంపల దాకా ఎర్రబడిపోయి, విప్పిన కోటు మళ్ళీ తొడుక్కున్నారు. ఐర్లండు ఆయన చేతిలో కాగితం పళ్ళెం బల్ల మీద పెట్టేశారు. పెద్దాయన మెల్లగా మూత వేసి, అందరికీ థ్యాంక్స్ చెప్పి, ఆ పెట్టె తన చేత్తోనే పట్టుకుని, భార్య మోచేయి పట్టుకుని వెళ్ళిపోయారు. నావైపు చూడలేదు.

అరగంటలో మేనేజరు పిలిచాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్దవాడేమో. నేనన్నది ఒక జాతిని కించపరిచే మాట అనీ, సోమవారం పది గంటలకు విచారణ అనీ, అప్పటిదాకా ల్యాబ్‌లోకి రావద్దనీ చెప్పి, ఆ మాట ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడిగాడు. నేను ఆ ఇద్దరి పేర్లూ చెప్పలేదు. అది నా గొప్పతనం అనుకునేరు, వాళ్ళ అసలు పేర్లు నాకు తెలియవు.

ఇంటికి వెళ్ళగానే మావారు నిఘంటువు తీసి చూశారు. ఆ మాట పక్కనే తిట్టు అని రాసి ఉంది. "ఎంత పని చేశావే!" అన్నారు. ఉద్యోగం పోతే వీసా పోతుంది, మళ్ళీ కిటికీ దగ్గర కూర్చోవాలి, ఆ భయం ఉండనే ఉంది. కాని నన్ను తొలిచింది అది కాదు. ఈ దేశంలో నన్ను మొదటిసారి మనిషిగా గుర్తించి పని నేర్పిన ఆయన్ను, ఆయన భార్య ఎదుట, నలుగురిలో, నా చేత్తో మూత తీసి మరీ తిట్టాను. ఆయన మొహం మళ్ళీ ఎలా చూడటం? ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు.

ఆదివారం మధ్యాహ్నం నేనే పట్టుబట్టి బయలుదేరాను. మావారు డ్రైవ్ చేశారు. పొరపాటున కూడా తీపి వస్తువు ఏదీ పట్టుకెళ్ళకు అన్నారు, వట్టి చేతులతోనే వెళ్ళాం. తలుపు తీసింది ఆవిడే. మంచులో నిలబడి ఉన్నాం కాబట్టి లోపలికి రానిచ్చారేమో అనిపించింది. పెద్దాయన ఎదుట నిలబడి, వచ్చీరాని ఇంగ్లీషులో, పేరు పెట్టి పిలవలేకపోవడం మొదలుకొని ఆరు నెలల దగ్గుల వరకూ, రంగూన్ తాతయ్య వరకూ అంతా చెప్పేశాను. చెబుతూ ఎప్పుడు ఏడుపు మొదలుపెట్టానో నాకే తెలియదు.

ఆయన నాకు కుర్చీ చూపించి కూర్చోమన్నారు. తరువాత వాళ్ళ నాన్నగారి గురించి చెప్పారు. ఇనుము కరిగించి అచ్చులు పోసే ఫౌండ్రీలో ఇరవై ఏడేళ్ళు పనిచేశారట ఆయన. అక్కడ మేస్త్రీ మొదలు ఊడ్చేవాడి దాకా ఆయన్ను ఆ ఒక్క మాటతోనే పిలిచారట. "మా నాన్న పేరేమిటని అక్కడ ఒక్కడూ అడగలేదు" అన్నారు. ఆ నాన్నగారు పోయిననాడు, ఇటలీ ఆయనా, ఐర్లండు ఆయనా ఇంటికి వచ్చి, ఆయన పూర్తి పేరు అడిగి, నోరు తిరగని ఆ పేరును వంటింట్లో కూర్చుని తప్పు లేకుండా వచ్చేదాకా పలికి నేర్చుకుని, మరునాడు చర్చిలో అందరి ముందూ చదివారట. అందుకని వాళ్ళిద్దరూ ఆ మాట అంటే నవ్వొస్తుందట, ఇంకెవరు అన్నా తన తండ్రి తలవంచుకుని నిలబడ్డట్టు ఉంటుందట. నేను కూర్చున్న కుర్చీలోనే కుంచించుకుపోయాను.

అప్పుడు ఆవిడ లోపలికి వెళ్ళి ఆ పెట్టె తెచ్చి నా ముందు పెట్టారు. మూత తీస్తే, కేకు సగం పైగా అయిపోయి ఉంది. మిగిలిన దాని మీద అక్షరం ముక్క లేదు, పైపూత కత్తితో నున్నగా గీకేసి ఉంది. ఆవిడ ఏమీ జరగనట్టే, "ఆ మాట గీకేశాను. కేకు మాత్రం బాగుంది, తిను" అన్నారు. రెండు రోజులుగా మెతుకు దిగని గొంతులో ఆ ముక్క దిగింది. అంత హాయిగా మళ్ళీ ఎప్పుడూ ఊపిరి పీల్చుకోలేదేమో నేను.

సోమవారం పది కాకముందే పెద్దాయన మేనేజరు గదిలోకి వెళ్ళి, ఇది మా ఇంటి విషయం, ఇంట్లోనే తేలిపోయింది అని చెప్పి వచ్చారు. విచారణ లేదు, ఏమీ లేదు. బయటికొచ్చి, మీ దేశంలో నా వయసు మనిషిని ఏమంటారని నన్ను అడిగారు. బాబాయి అంటామన్నాను. "బబాయ్" అని నాలుగుసార్లు అనుకుని చూసి, ఇది బాగుంది అన్నారు. ఆ మధ్యాహ్నమే నేను భోజనాల గదిలో ఆ ఇద్దరు పెద్దవాళ్ళ దగ్గరకూ వెళ్ళి మీ పేర్లేమిటండీ అని అడిగాను. ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒకరి తరువాత ఒకరు చెప్పారు. తప్పు చేసిన చోటే నాకు ఒక చుట్టరికం కలిసింది. ఆయన భార్య నాకు పిన్నిగారయ్యారు. ఆవిడ చేసే బంగాళాదుంప కూరిన పిండివంట, చూడటానికి అచ్చం మన కజ్జికాయే, మా అమ్మాయి పుట్టాక పురుడు పోసే పుట్టింటి నుంచి వచ్చినట్టు గిన్నెలతో వచ్చేది.

ఆయన రిటైరయిన చాలా ఏళ్ళకు, ఒకే ఏడాదిలో ఆ ఇద్దరు స్నేహితులూ పోయారు. ఒక సాయంత్రం చూడటానికి వెళితే, కిటికీ పక్కన కూర్చుని, ఇక నన్ను పోలాక్ అనేవాళ్ళు లేకుండా పోయారు అన్నారు. కాసేపాగి, కావాలంటే నువ్వు అనవచ్చు, నాకు అభ్యంతరం లేదు అన్నారు. ఆయన కళ్ళలో వెలితి చూస్తే, ఒక్కసారి అనేస్తే పోయేదేముంది అనిపించింది. ఎంత ప్రయత్నించినా నా నోటికి ఆ మాట రాలేదు. నా అవస్థ చూసి నవ్వి, సరే నీ మాటే అను అన్నారు. బాబాయిగారూ, కాఫీ చల్లారిపోతోంది అన్నాను.

ఇప్పుడు మా అమ్మాయి ఆఫీసులో ఎవరిని ఏమనకూడదో ఏటేటా కంప్యూటరులో పాఠం చెబుతారట. మంచిదే, నాలాంటి తెలివితక్కువది ఇంకెవరూ కేకు ముందు అలా నిలబడనక్కరలేదని నాకు నిజంగానే నిశ్చింతగా ఉంటుంది. భోజనాల గదిలో మాత్రం ఎవరి బల్ల వాళ్ళదే, ఎవరి చెవుల్లో వాళ్ళ పాటలేనట. మా మనవరాలికైతే కనబడ్డ పెద్దవాళ్ళందరూ అంకులూ ఆంటీలే, ఆ మాటకు ఏ దేశం వాడూ నొచ్చుకోడు. బాబాయిగారు పోయి ఈ చలికాలానికి నాలుగేళ్ళు. ఇంత పెద్ద దేశంలో నేను బాబాయీ అని పిలవడానికి ఇంకొకరు లేరు.